పోలారిటాన్ కండెన్సేట్ అంటే లేజరేనా? నేను బోల్తా పడ్డ సంగతి

"పోలారిటాన్ కండెన్సేట్ అంటున్నారు గానీ అది చివరికి లేజరే కదా, పేరు మార్చారంతేగా" అని అడిగారు. అడగాల్సిన డౌటే (కండెన్సేట్ అంటే కణాలు గుంపుగా ఒకే స్థితిలోకి చేరిపోవడం), పీహెచ్‌డీ రెండో ఏడాది నేను సరిగ్గా అక్కడే బోల్తా పడ్డా.

సెలూన్‌లో ఎదురెదురు అద్దాలుంటాయి చూడండి, అలాంటి రెండిటిని ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కన్నా తక్కువ ఎడంలో పెట్టి మధ్యలో గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్ పల్చటి పొరలు పెడితే, లోపల ఇరుక్కున్న ఫోటాన్‌ని, అంటే వెలుగు కణాన్ని, ఆ పొర మింగి ఎక్సైటాన్‌గా, అంటే ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన చోటు (హోల్) కలిసిన జంటగా చేస్తుంది, మళ్ళీ ఫోటాన్‌గా కక్కేస్తుంది, అది బయటికి జారిపోయేలోపే ఇది ఎన్నోసార్లు జరిగిపోతుంది కాబట్టి ఇక ఏది ఏదో విడదీయలేం, ఆ కలగలుపే పోలారిటాన్. 1992లో వైస్‌బుష్, అరకావా వాళ్ళు చూపించారు. బరువు ఎలక్ట్రాన్‌లో పదివేలో వంతు ఉంటే గొప్ప. కణం ఎంత తేలికైతే కండెన్సేట్ కావడానికి అంత తక్కువ చల్లదనం చాలు, అందుకే 1995లో రుబీడియం పరమాణువులకి నానోకెల్విన్లదాకా (కెల్విన్‌లో వంద కోట్లో వంతు) దిగాల్సొస్తే, 2006లో గ్రెనోబుల్, లొసాన్ వాళ్ళకి కాడ్మియం టెల్యురైడ్‌లో 19 కెల్విన్ దగ్గరే పనైపోయింది.

ఇక నా కథ. సాంపిల్‌ని హీలియం క్రయోస్టాట్‌లో (బాగా చల్లబరిచే డబ్బా) పెట్టి పంప్ పవర్, అంటే సాంపిల్‌ మీద పడే లేజర్ పవర్, పెంచుకుంటూ పోతున్నా, కెమెరాలో అడ్డంగా యాంగిల్, నిలువుగా ఎనర్జీ, గిన్నెలా వంగిన పోలారిటాన్ల గీత కనిపిస్తది, ఒక పవర్ దగ్గర గిన్నె మొత్తం మసకబారి అడుగున ఒక్క చుక్క భగ్గుమంది. రాత్రి రెండింటికి గైడ్‌కి మెయిల్ కొట్టేశా! పొద్దున ఆయన ఒక్కటే అడిగారు, చుక్క ఏ ఎనర్జీలో ఉందని. చూస్తే సరిగ్గా ఉత్త కావిటీ ఫోటాన్, అంటే అద్దాల మధ్య ఎక్సైటాన్‌తో కలవని ఫోటాన్, ఉండాల్సిన చోట. పంప్ మరీ ఎక్కువై ఎక్సైటాన్లు కిక్కిరిసి జంటలు తెగిపోయాయి, పోలారిటాన్ అన్నదే లేదు, నేను చూసింది అచ్చంగా మీరన్న మామూలు లేజరే. పరువు పోయింది.

సాంపిల్ మందం ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొద్దిగా మారుతుంది, నెల్లాళ్ళు వేరే వేరే చోట్లకి జరుపుతూ చూస్తే ఒక చోట చాలా తక్కువ పవర్‌కే చుక్క వచ్చింది, కావిటీ గీతకి బాగా కింద, పోలారిటాన్ గిన్నె అడుక్కి కొంచెం పైన, ఆ కొంచెం అవి ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల. అక్కడ లేజర్‌కి కావాల్సిన పాపులేషన్ ఇన్వర్షన్ (కింది స్థితిలో కన్నా పై స్థితిలో ఎక్కువమంది ఉండటం) అక్కర్లేదు, ఇప్పటికే ఒకే స్థితిలో గుంపున్న పోలారిటాన్లు మిగతావాటిని అందులోకే లాగుతాయి, బయటికొచ్చే వెలుగు ఆ గుంపు నుంచి కారేదే. పవర్ ఇంకా పెంచితే రెండో త్రెషోల్డ్, అంటే వెలుగు మళ్ళీ ఒక్కసారిగా మారే పవర్ హద్దు, వచ్చింది, అదే నా పాత లేజర్.

అయితే మా సాంపిల్‌లో ఇవి బతికేది కొన్ని పికోసెకన్లే (సెకనులో లక్ష కోట్లో వంతు ఒక పికోసెకను), ఆగకుండా నింపుతుండాలి, కాబట్టి దీన్ని అసలు సిసలు బోస్ ఐన్‌స్టీన్ కండెన్సేట్ అనొచ్చా అని మీరు వాదనకి దిగితే మాత్రం నేను గట్టిగా పట్టుబట్టను.