ఎండీ ఇవ్వమంటాడు, లీగల్ వాళ్లు వద్దంటారు: ప్రెస్‌నోట్ సంగతి

తమ్ముడూ, "పదేళ్లు గుంటూరులో రిపోర్టర్‌గా చేసి ఇప్పుడు లిస్టెడ్ (షేర్లు మార్కెట్లో ఉన్న) కంపెనీలో కమ్యూనికేషన్స్ హెడ్‌గా చేరా, ప్లాంట్ విస్తరణ మీద ప్రెస్‌నోట్ రేపే ఇచ్చెయ్యమని ఎండీ, నోరు తెరవొద్దని లీగల్ వాళ్లు, ఎవరి మాట వినాలి" అన్నావు కదా. ఈసారికి లీగల్ వాళ్లదే కరెక్టు.

బోర్డు ఓకే చేసిన అంత పెద్ద విషయం ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకే వెళ్లాలి, షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ లిస్టింగ్ రూల్స్‌లో 30వది చూడు, మామూలుగా మీటింగ్ అయిన 30 నిమిషాల్లోపు పంపాలి, ఆ తర్వాతే మన పేపరోళ్లకి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతూ పాత ఫ్రెండ్స్‌కి "ముందు నీకే చెప్తున్నా రాసుకో" అనే అలవాటుంటే ఇవాళే మానెయ్ (నాకూ ఉండేదిలే).

నువ్వసలు అడగనిది ఇంకోటుంది, పబ్లిక్ హియరింగ్. పర్యావరణ అనుమతి కావాల్సిన ప్రాజెక్టుల్లో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వస్తది, కలెక్టర్ గానీ ఆయన తరఫు ఆఫీసర్ గానీ కూర్చుంటారు. ఆ రోజు మైకు పట్టుకునే ఊరి పెద్దాయన నీ ప్రెస్‌నోట్ చదివి రాడు, బోరు నీళ్లు, లారీల దుమ్ము, మా పిల్లలకి ఉద్యోగాలేవి అని నిలదీస్తాడు. అందుకే నోటీసు పడకముందే రెండుమూడుసార్లు ఊరెళ్లి రచ్చబండ దగ్గర కూర్చో, విన్నది మసిపూసి మారేడుకాయ చెయ్యకుండా ఎండీకి చెప్పు. నీకు జీతం దానికే, ప్రెస్‌నోట్ ట్రైనీ కుర్రాడైనా రాస్తాడు.

ఎండీతో "కుదరదు" అనకు, "ఎక్స్ఛేంజీకి వెళ్లిన నిమిషంలో నోట్ బయటికెళ్తది సార్, రెడీగా ఉంది" అను. అన్నట్టు బోర్డు మీటింగ్ అయిపోయిందా ఇంకా ఉందా? అది ముందు బోర్డు మీటింగులు చూసే కంపెనీ సెక్రటరీని అడుగు.