పాత పొగగొట్టానికి సిమెంటు వద్దు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు ఫోన్‌లో పెద్దవి చేసి మరీ చూశాను. అంబాజీపేట వైపు మండువా ఇల్లు, వంటింటి పొగగొట్టం. ఇంటాయన పైభాగం పడగొట్టి కొత్తగా కట్టెయ్యమన్నాడు, నువ్వేమో రెండు బస్తాల సిమెంటుతో అయిపోయే పనే కదా అంటున్నావు. అలా అయిపోయే పని కాదు. అపార్టుమెంట్లు కట్టిన చేతికి ఇది చిరాకు పెట్టే పని కూడాను.

రెండో ఫోటో మళ్ళీ తీసి చూడు. తూర్పు వైపు ఇటుకల మొహాలు పొరలు పొరలుగా రాలి గుంటలు పడిపోయాయి. మధ్యలో సిమెంటు దర్జులు, అదే ఇటుకల మధ్య అతుకులు, మాత్రం కిటికీ చట్రంలా బయటికి పొడుచుకొచ్చి నిలబడ్డాయి. అంటే పాత సున్నం దర్జుల మీద ఎవరో తర్వాత సిమెంటు కొట్టారన్నమాట. గట్టిగా ఉంటుందనే కొట్టి ఉంటారు. కానీ ఆ ఇటుక పాతది, మెత్తది. వానకి నీళ్ళు తాగుతుంది, ఎండకి వదిలేస్తుంది. సున్నం దర్జు ఉన్నన్నాళ్ళూ ఆ తడి దర్జులోంచే బయటికి పోయేది. సిమెంటు అడ్డుపడేసరికి ఇటుకలోంచే ఆరాల్సి వచ్చింది. సముద్రం దగ్గర కదా, గాలిలోనే ఉప్పుంటుంది. తడి ఆరినచోట ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుక మొహాన్ని లోపల్నుంచి తోసేస్తుంది. కింద రద్దాల్లో, అంటే ఇటుక వరసల్లో, తెల్లగా పూసింది కూడా అదే. అందుకే చెప్తున్నా, పాత ఇటుకతో పని పెట్టుకున్నప్పుడు మాలు, అంటే ఇటుకల మధ్య పెట్టే ముద్ద, ఇటుక కంటే మెత్తగా ఉండాలి. ఎప్పటికైనా పాడైతే దర్జు పాడవ్వాలి. దర్జు మళ్ళీ కొట్టుకోవచ్చు, ఇటుకని ఏం చేస్తావు?

ఇంటాయన సిమెంటే కావాలని పట్టుబడితే ధవళేశ్వరం సంగతి చెప్పు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. సున్నం కట్టుబడితో లేపిందే, నూరేళ్ళ పైన గోదావరిని ఆపింది. ఈయన వంటింటి పొగని ఆపలేదా?

సున్నం అంటే వెల్ల వేసే పొడి ప్యాకెట్టు కాదు. అది ఎప్పుడో గాలి తగిలి చచ్చిపోయి ఉంటుంది. గుల్లలు కాల్చి తీసిన గుల్ల సున్నం తెప్పించు. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వెయ్యి. కుతకుతా ఉడుకుతుంది, కుర్రాళ్ళని దగ్గరికి రానివ్వకు, కళ్ళద్దాలు లేకుండా నువ్వూ వంగకు. కనీసం రెండు వారాలు నీళ్ళ కిందే నాననివ్వాలి, ఎంత నానితే అంత మంచిది. సున్నం ఒక పాలు, మెత్తటి ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు. ఇటుక పొడి ఉంటేనే మన తేమలో సున్నం గట్టిపడుతుంది. మన పాతవాళ్ళు కరక్కాయ, బెల్లం నీళ్ళు కూడా పోసేవారు. నువ్వు దాని జోలికి పోవద్దు, పాళ్ళు తెలియకుండా పోస్తే చీమలకి విందు. ఇసుక రాజమండ్రి వైపు నుంచి వచ్చిన మంచినీటి ఏటి ఇసుకే తెప్పించు. సముద్రం పోటు నీళ్ళు తగిలే పాయ ఇసుక చవగ్గా వస్తుంది, దాంతోపాటు ఉప్పూ వస్తుంది. మంచి సున్నం ఎక్కడా దొరక్కపోతే సిమెంటు ఒకటి, సున్నం రెండు, ఇసుక తొమ్మిది. అంతకన్నా సిమెంటు పెంచావో, మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇక విప్పడం. ముందు కింద పొయ్యి నోరు గోనెసంచులతో మూసెయ్యి, లేదంటే మసంతా వంటింట్లోకి దిగుతుంది. ఆ ఇంటావిడ నిన్ను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వదు. సరుగుడు బాదులతో పరంజా నేలమీద నుంచి కట్టు, పెంకుల మీద మాత్రం ఆనించకు. పైనుంచి ఒక్కో రద్దా తీసి తట్టతో కిందికి దించాలి. మేకు పెట్టి దర్జు గీకి చూస్తూ దిగు. సున్నం పొడిలా రాలితే ఇంకా దిగాలి, మేకు ఆగితే అక్కడ ఆగిపో. మామూలుగా పెంకుల పైన ఉన్నదే పాడవుతుంది, లోపలిది బాగానే ఉంటుంది.

మెడ దగ్గర రావి మొక్క కనిపించింది. దాన్ని పీకి ఊరుకుంటే వచ్చే వానకి మళ్ళీ మొలుస్తుంది. దాని వేరు దర్జులు పట్టుకుని ఎంత దూరం పోయిందో అంతవరకూ ఇటుకలు విప్పాల్సిందే. దారంలాంటి వేరైనా వదలొద్దు.

పాత ఇటుకలు పారేయకు. సున్నం దర్జు తాపీతో తడితే ఊడొస్తుంది. రెండు ఇటుకలు కొట్టి చూడు, ఖంగుమన్నవి వాడు, బొదబొదమన్నవి పొడి కొట్టించు. తగ్గినవాటికి అదే సైజు చూసి కొను. కట్టే ముందు ఇటుక బాగా నానాలి, పొడి ఇటుక మాలులో తడంతా పీల్చేస్తుంది.

అటక ఎక్కి ఇంకో సంగతి చూడు. పాత ఇళ్ళలో తాటి దూలం చివర గొట్టం గోడలోకి దూర్చేస్తారు. అలా ఉంటే ఇంటాయనకి చూపించి, వడ్రంగిని పిలిచి విడగొట్టించు. కర్రకీ గొట్టానికీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. దీంట్లో మొహమాటం వద్దు.

ఎత్తు ఇంటి కొప్పు కంటే రెండడుగులు పైకి ఉంటే పొగ బాగా లాగుతుంది. గొప్పకి ఇంకా లేపమంటాడేమో, ఒప్పుకోకు. పెంకుల పైన లేచిన ఎత్తు గొట్టం వెడల్పుకి నాలుగున్నర రెట్లు దాటితే గాలికి నిలవదు. 1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరిచెట్లనే పడుకోబెట్టింది. లోపల సిమెంటు పూత పూస్తే వేడికి పగులుతుంది. సున్నంలో ఆవుపేడ కలిపి పల్చగా రాయి. పైన నాలుగు మూలలా చిన్న దిమ్మెలు కట్టి కడప బండ పరుచు. బండ చుట్టూ రెండంగుళాలు బయటికి రావాలి, అడుగున అంచు వెంట గాడి తీయించు, నీళ్ళు గోడ మీదికి రాకుండా అక్కడే కారిపోతాయి. దిమ్మెల మధ్య సందులన్నీ కలిపితే గొట్టం నోటి కంటే తక్కువ కాకూడదు. పెంకు, గొట్టం కలిసేచోట జింకు రేకు దర్జులోకి దూర్చి వంచు.

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టు. రోహిణీ కార్తె ఎండల్లో సున్నం పనికిరాదు, పైపైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రెండు వారాలు తడిగోనె కప్పి ఉంచు. ఆ తర్వాత ఇంకో రెండు వారాలు ఆరనిచ్చి, పొయ్యిలో తడి గడ్డి కాస్త అంటించి, పైనోరు మూసి, అటకమీద లైటేసి చూడు. ఎక్కడ పొగ కారితే అక్కడ దర్జు పడలేదన్నమాట. మొదటివారం కొబ్బరాకుల మంటే, కొబ్బరి డొక్కలతో గుండిగలు ఎక్కించవద్దని ఆ ఇంటావిడకి నువ్వే చెప్పు.

కూలి రోజు లెక్కన మాట్లాడుకో, గుత్తకి ఒప్పుకోకు. ఈ పనికి తొందరపెడితే చెడేది నీ పేరే. గుల్ల సున్నం దొరక్కపోతే ఫోన్ చెయ్యి, అమ్మేవాళ్ళు నాకు తెలుసు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య