పెదవి ముద్ర ఎంతవరకు సాక్ష్యం? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

*ప్రశ్న: గ్లాసు అంచు మీద దొరికిన పెదవి ముద్రతో నేరస్థుణ్ణి పట్టుకున్నట్టు ఒక సీరియల్‌లో చూపించారు. వేలిముద్రను నమ్మినట్టే దీన్నీ నమ్మవచ్చా? – పాఠకుడు, ఖమ్మం*

అంతగా నమ్మడానికి వీల్లేదు. పెదవుల మీది గీతలతో మనిషిని గుర్తించవచ్చని 1932లో ఫ్రాన్స్‌లో నేరశోధన శాస్త్రవేత్త ఎడ్మండ్ లోకార్డ్ సూచించాడు. జపాన్‌లో సుజుకి, సుచిహాషి అనే పరిశోధకులు 1970లో ఆ గీతలను రకాలుగా విడగొట్టారు. 1974లో సుచిహాషి 1364 మంది ముద్రలు చూసి, ఏ ఇద్దరివీ ఒక్కలా లేవని ప్రకటించాడు. దీన్ని పట్టుకునే చాలామంది ‘పెదవి ముద్ర మనిషికొకటి, కాబట్టి గట్టి సాక్ష్యం’ అంటారు. ఆ ‘కాబట్టి’ దగ్గరే చిక్కు. ఆయన చూసినవి శ్రద్ధగా తీసిన నిండు ముద్రలు. గ్లాసు మీద మిగిలేది సాధారణంగా కింది పెదవిలో ఒక ముక్క. అదీ వంపు తిరిగిన చోట, తాగేటప్పుడు జరిగి అలుక్కుపోయి ఉంటుంది. అలాంటి ముక్కలో ఎన్ని గుర్తులు కలిస్తే ఫలానా మనిషిదేనని చెప్పాలో, నూటికి ఎన్నిసార్లు తప్పు జరగవచ్చో చెప్పే, అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక హత్య కేసులో డక్ట్ టేపు మీది పెదవి ముద్రను సాక్ష్యంగా తీసుకుని 1997లో శిక్ష వేశారు. 1999లో అప్పీలు కోర్టు కూడా సమర్థించింది. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు ఆమోదించారని నిపుణులు చెప్పిన మాటను తర్వాత గట్టిగా ప్రశ్నించారు. చివరికి మళ్ళీ విచారణ జరపాలని ఆదేశం వచ్చింది. ఇలాంటి సాక్ష్యం మీద తొందరపడితే ఒక మనిషి ఏళ్ళు జైల్లో గడిచిపోతాయి.

*ప్రశ్న: ప్రాజెక్టు కోసం క్లాస్‌మేట్స్ పెదవి ముద్రలు తీస్తున్నాం. సగానికి సగం అలుక్కుపోతున్నాయి. సరైన పద్ధతి చెప్పండి. – ఫోరెన్సిక్ సైన్స్ విద్యార్థిని, గుంటూరు*

ముందు పెదవులను తడి దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పగుళ్ళు, పుండ్లు ఉన్నవాళ్ళను పక్కన పెట్టండి. మెరుపు లేని ముదురు రంగు లిప్‌స్టిక్‌ను ఒకే ఒక్క పలుచని పూతగా రాయాలి. స్టిక్కును నేరుగా అందరి పెదవులకూ రాయకండి. మనిషికొక కొత్త ఇయర్‌బడ్ వాడితే అంటురోగాల భయం ఉండదు. రెండు నిమిషాలు ఆగి, నోరు మూసి, పెదవులు బిగించకుండా ఉండమనండి. సెల్లోఫేన్ టేపు జిగురు వైపును మధ్యలో ఆనించి, అక్కడి నుంచి రెండు మూలల వైపు వేలితో సమానంగా అద్దుతూ వెళ్ళండి. ఒక అంచు పట్టి ఒకే ఊపులో లేపి తెల్ల కాగితం మీద అతికించండి. అదే పూత మీద రెండో, మూడో ముద్ర కూడా తీయండి. రంగు తగ్గాక పడే ముద్రలోనే గీతలు తేటగా కనిపించడం మామూలే.

మీవి అలుక్కుపోవడానికి కారణం దాదాపుగా ఈ మూడింటిలో ఒకటి. పూత మందమైతే రంగు గీతల్లోకి దిగి వాటిని పూడ్చేస్తుంది. గట్టిగా నొక్కితే మెత్తని పెదవి పరుచుకుని గీతల మధ్య దూరం మారిపోతుంది. టేపు పక్కకు జరిగితే ఒక్కో గీత రెండుగా పడుతుంది.

తర్వాత భూతద్దంతో రకం రాసుకోవాలి. పెదవి నిలువునా సాంతం సాగిన గీత ఒకటో రకం, సగంలో ఆగితే ఒకటి డ్యాష్. కొమ్మల్లా చీలితే రెండు, ఒకదాన్నొకటి దాటితే మూడు, వలలా అల్లుకుంటే నాలుగు, ఇవేవీ కాకపోతే అయిదు. పంటి చార్టులో లాగే పెదవులను కుడి, ఎడమ, పై, కింద నాలుగు భాగాలు చేసి నమోదు చేయండి. చాలా అధ్యయనాలు కింది పెదవి నడుమ 10 మిల్లీమీటర్ల భాగాన్నే ఎంచుకుంటాయి, ముద్ర దొరికితే ఆ చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది గనుక.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. టేపుతో తీసిన ముద్రను టేపు పైనుంచి చూస్తే, ఆ మనిషి ఎదురుగా నిలబడినట్టే, అతని కుడి మీ ఎడమకు వస్తుంది. అదే మనిషి గ్లాసు మీద పెదవి ఆనిస్తే పడే ముద్ర దీనికి అద్దంలో బింబం. దాన్ని పొడి చల్లి టేపుతో ఎత్తినా అలాగే ఉంటుంది. కాబట్టి పోల్చే ముందు రెండింటిలో ఒకదాని ఫొటోను కుడి ఎడమలు తిప్పాలి. తిప్పకపోతే ఒకే మనిషి ముద్రలు కూడా కలవవు.

*ప్రశ్న: లిప్‌స్టిక్ వేసుకోనివాళ్ళ పెదవి ముద్ర పడుతుందా? – గృహిణి, రాజమహేంద్రవరం*

పడుతుంది, కంటికి కనిపించదు. పెదవి అంచున నూనె గ్రంథులు, లాలాజల గ్రంథులు ఉంటాయి. వాటి జిడ్డు, తడి గాజు మీద మిగులుతాయి. తాజాగా ఉంటే అల్యూమినియం పొడో, అయస్కాంత పొడో అతుక్కుని ముద్ర బయటపడుతుంది. తడి ఆరిపోయిన పాత ముద్రకు పొడి సరిగా అంటదు. అప్పుడు కొవ్వును పట్టుకునే సూడాన్ నల్ల రంగు, ఆయిల్ రెడ్ ఓ వంటివి మేలు. అంటుకోదని చెప్పి అమ్మే లిప్‌స్టిక్‌లు వదిలే ముద్రకూ ఇవే వాడతారు.

అయితే మా దృష్టిలో ఆ గ్లాసు మీద అన్నిటికన్నా విలువైనది గీతలు కాదు, ఉమ్మి. అందులో డీఎన్ఏ ఉంటుంది. ముందు స్కేలు పెట్టి, కెమెరాను ముద్రకు నేరుగా నిలిపి, పక్కనుంచి వెలుగు పడేలా ఫొటో తీయాలి. గీతలు తేటగా లేకపోతే పొడి జోలికి పోకుండా వెంటనే స్వాబ్ (దూది చుట్టిన పుల్లతో అద్దిన నమూనా) తీయడమే మంచిది. గీతలు బాగుంటే ఎవరూ వాడని కొత్త బ్రష్షుతో, కొత్తగా విప్పిన పొడితో ముద్ర తీసి, ఆ తర్వాత స్వాబ్ తీయాలి. పది చోట్ల తిరిగిన బ్రష్షు పాత కేసుల డీఎన్ఏను కూడా వెంట తెస్తుంది. మొదట శుభ్రమైన నీటితో తడిపిన స్వాబ్, వెంటనే అదే చోట పొడి స్వాబ్, ఈ రెండూ కావాలి. గాలికి ఆరనిచ్చి కాగితపు కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో తడి నిలిచి, బ్యాక్టీరియా పెరిగి, డీఎన్ఏ పాడవుతుంది.

*ప్రశ్న: కవలల పెదవి ముద్రలు ఒకేలా ఉంటాయా? – పాఠకురాలు, నల్గొండ*

చాలా దగ్గరగా ఉంటాయి, కానీ అచ్చుగుద్దినట్టు ఉండవు. గీతల తీరు కొంత తల్లిదండ్రుల నుంచి వస్తుంది.

*ప్రశ్న: గుర్తు తెలియని మృతదేహం నుంచి పెదవి ముద్ర తీయడం ఉపయోగమేనా? – హౌస్ సర్జన్, వరంగల్*

24 గంటల లోపైతేనే ప్రయత్నించండి. ఆ తర్వాత పెదవి ఎండి ముడుచుకుని గీతలు మారతాయి. పైగా బతికుండగా తీసిన ముద్ర ఎవరి దగ్గరా ఉండదు కనుక పోల్చడానికి ఏమీ దొరకదు. ఆ సమయం పంటి చార్టుకు, వేలిముద్రలకు, డీఎన్ఏ నమూనాకు పెట్టండి.

*ప్రశ్న: మన కోర్టులు ఒప్పుకుంటాయా? – న్యాయవాది, కర్నూలు*

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ కింద నిపుణుడి అభిప్రాయంగా పెట్టవచ్చు. ఆ సెక్షన్ చేతిరాతను, వేలిముద్రలను పేరుపెట్టి చెప్పింది, పెదవి ముద్రను చెప్పలేదు. నిందితుల కొలతలు తీసుకునే 2022 చట్టంలో వేలు, అరచేయి, పాదం ముద్రలు, కంటిపాప స్కాన్ ఉన్నాయి. పెదవి ముద్ర అక్కడా పేరుతో లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీరు అడగాల్సినవి ఇవి: ఫొటోలో స్కేలు ఉందా, ఎన్ని గుర్తులు కలిశాయి, కలవనివి ఎన్ని, వాటిని నివేదికలో రాశారా, రెండో నిపుణుడు మొదటివారి ఫలితం తెలియకుండా చూశారా? ‘ఇది ఫలానా వ్యక్తిదే’ అని నిపుణుడు అంటే, ఏ లెక్క ప్రకారం అన్నారో అడగండి. ‘ఆ వ్యక్తిది కాదని చెప్పలేం’ అనేంతవరకే ఈ పద్ధతి మోయగలదు.