బాడీ లాంగ్వేజ్ మార్చుకుంటే బెంగళూరు ఆఫీసులో గౌరవం పెరుగుతుందా?

కొంత పెరుగుతుంది. కానీ ‘మాటల ప్రభావం 7 శాతమే, మిగతాదంతా గొంతూ బాడీ లాంగ్వేజూ’ అనే లెక్కను పట్టుకుని టెన్షన్ పడకండి. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకె అది. మాటకీ ముఖానికీ పొంతన కుదరనప్పుడు, ఎదుటి మనిషికి మనమంటే ఇష్టమో కాదో దేన్నిబట్టి పోల్చుకుంటామన్నదే అక్కడ విషయం. మీటింగులో మీరు చెప్పే పాయింటుకి అది వర్తించదు.

నా తప్పు ఒకటి చెబుతాను. మా టీములో జూనియర్ కుర్రాడు మాట్లాడుతుంటే నేను బల్ల కింద ఫోన్ చూసుకునేవాణ్ణి. అతను గబగబా రెండు ముక్కల్లో ముగించేసేవాడు. బెరుకేమో అనుకున్నాను. ఫోన్ బ్యాగులో పడేసి, కుర్చీ అతనివైపు తిప్పి కూర్చున్నాక తెలిసింది, బెరుకు కాదని. ఇప్పుడు చిక్కుముడి ఏదైనా వస్తే ముందు నా దగ్గరికే వస్తాడు. షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వడం లాంటివి నా దృష్టిలో చిన్న విషయాలు.

ఇక్కడి భాషలో ఇంకో మెలిక ఉంది. మన ‘నీవు’ ఏకవచనం. కన్నడంలో ‘నీవు’ అంటే మీరు, ‘నీను’ అంటే నువ్వు. కొత్తలో మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ పెద్దాయనతో ‘నీను’ అనేశాను. ఆయన గేటు తీశాడు గానీ, నావైపు చూడలేదు. మర్నాడు ‘నీవు ఊట మాడిద్రా?’ (మీరు భోంచేశారా?) అని అడిగితే నవ్వాడు.