కాలనీ సంక్షేమ సంఘంలో ఏయే పుస్తకాలు ఉంచాలి, ఎన్నేళ్ళు దాచాలి?

మీరు రిజిస్టరైన కాలనీ సంఘానికి కొత్తగా కార్యదర్శి అయ్యారు. పాత కార్యవర్గం నుంచి రెండు రశీదు పుస్తకాలు, ఒక పాస్‌బుక్కు తప్ప ఏమీ రాలేదు. చట్టప్రకారం ఏమేమి ఉండాలి అని అడిగారు. హైదరాబాదులో మా కాలనీ సంఘానికి నేను ఆరేళ్ళు కార్యదర్శిగా చేశాను. నాకు అప్పగించింది కూడా ఇంచుమించు అంతే. ఒక బట్టల దుకాణం సంచిలో కరెంటు బిల్లులు, తేదీ లేని వోచర్లు, సగం రాసి వదిలేసిన మినిట్స్ పుస్తకం, అంటే సమావేశాల్లో జరిగింది రాసే పుస్తకం.

ఖాతాలో సంతకాలు మార్పించడానికి బ్యాంకుకు వెళితే అసలు కష్టం తెలిసింది. కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకున్న తీర్మానం నకలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసిన కార్యవర్గం జాబితా తెమ్మన్నారు. ఎన్నిక అరవై మంది ఎదుట జరిగింది, కాని పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మళ్ళీ నోటీసు ఇచ్చి, సర్వసభ్య సమావేశం పెట్టి, తీర్మానం రాసుకుని, జాబితా దాఖలు చేసేసరికి మూడు నెలలు పట్టింది. సంఘం డబ్బు బ్యాంకులోనే ఉన్నా, అన్నాళ్ళూ కాపలాదారు జీతం ఇంటింటికీ తిరిగి వసూలు చేసి ఇచ్చాం. ప్రతి నెలా ఒకటో తేదీన ఆయన గేటు దగ్గర నన్ను చూసి లేచి నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలకు వర్తించేది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 చట్టం, తెలంగాణలో 1350 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) చట్టం ఉండేవి. రిజిస్టరైన నాటి నుంచి సంఘానికి చట్టం దృష్టిలో సొంత ఉనికి ఉంటుంది. కార్యవర్గాలు మారినా, సభ్యులు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయినా సంఘం కొనసాగుతుంది. అందుకే పుస్తకాలు సంఘానివి, కార్యదర్శివి కావు. మా పాత కార్యదర్శి వాటిని తన ఇంటి అటక మీద పెట్టి, ఊరు మారినప్పుడు అక్కడే వదిలేశారు. ఆయన మంచివారే, పైసా తప్పు చేయలేదు. కాని తప్పు చేయలేదని చూపించే కాగితం కూడా లేకుండా పోయింది.

తప్పనిసరిగా ఉండాల్సినవి చెబుతాను. రిజిస్ట్రేషన్ పత్రం, బైలాస్ (సంఘం నియమావళి) ముందు సంపాదించండి. పోయి ఉంటే దిగులు పడకండి, రుసుము కట్టి రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకళ్ళు తీసుకోవచ్చు. తరువాత సభ్యుల రిజిస్టరు. ఎవరు ఎప్పుడు చేరారో, ఇల్లు ఎప్పుడు చేతులు మారిందో అందులో ఉండాలి. ఎన్నికలప్పుడు ఓటు ఎవరికుందనే గొడవ వస్తే తేల్చేది అదే. నగదు పుస్తకం, ఖాతాల పుస్తకం, వోచర్ల ఫైలు, రశీదుల కౌంటర్‌ఫాయిళ్ళు, ఏటా ఆడిట్ చేయించిన లెక్కలు. సర్వసభ్య సమావేశం కాగానే కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. మేము పదిహేను రోజులు దాటనిచ్చేవాళ్ళం కాదు.

అన్నింటికన్నా మినిట్స్ పుస్తకం ముఖ్యం. విడి కాగితాలు వద్దు. కుట్టిన పుస్తకం కొని, మొదటి రోజే అన్ని పేజీలకూ అంకెలు వేయండి. తేదీ, చోటు, హాజరైన వారి సంతకాలు, కోరం (సమావేశానికి కావలసిన కనీస హాజరు) ఉందా లేదా, తీర్మానం ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎంత ఖర్చుకు ఒప్పుకున్నారు, ఇవన్నీ ఆ రాత్రే రాయండి. రేపు రాద్దామనుకుంటే సగం మరిచిపోతాం. పేజీలో ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టి, అధ్యక్షుల చేత దాని కిందే సంతకం పెట్టించండి. మా దగ్గర బోరు మరమ్మతు ఖర్చు మీద ఇద్దరు సభ్యులు గొడవకు దిగినప్పుడు ఆ అడ్డగీతే కాపాడింది. తీర్మానాన్ని తరువాత ఇరికించారని ఎవరూ అనలేకపోయారు. ఇలాంటి తగాదాలు ముదిరితే చట్టంలోని 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి గాని, జిల్లా కోర్టుకు గాని వెళ్ళవచ్చు. అక్కడ మీ మాటకన్నా మీ పుస్తకానికే విలువ.

ఇంకో చిన్న విషయం, కాని చాలామంది నష్టపోతున్నారు. దుకాణాల్లో యంత్రం నుంచి వచ్చే నున్నటి బిల్లుల మీద అక్షరాలు ఏడాది రెండేళ్ళలో మాసిపోతాయి. మా ఆడిటర్ ఒక ఫైలు తెరిస్తే పదకొండు తెల్ల కాగితాలు కనిపించాయి. అప్పటి నుంచి ప్రతి బిల్లుకూ జిరాక్స్ తీసి వోచరుకు కుట్టేవాళ్ళం. ఐదు వేలు దాటిన చెల్లింపుకు రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి సంతకం తీసుకోవడం మరువకండి.

లెక్కల్లో సభ్యుల చందాలను, బయటి ఆదాయాన్ని వేరువేరు పద్దుల్లో చూపండి. సభ్యులు తమకోసం తామే వేసుకునే చందాలకు ఆదాయపు పన్నులో ఉన్న వెసులుబాటు బ్యాంకు వడ్డీకి లేదని సుప్రీంకోర్టు 2013లో బెంగళూరు క్లబ్ కేసులో తేల్చింది. మేడ మీద సెల్ టవరు అద్దె వస్తుంటే అదీ విడిగా ఉండాలి. సంఘానికి సొంత పాన్ కార్డు లేకపోతే ఈ వారమే దరఖాస్తు చేయండి.

ఎన్నేళ్ళు దాచాలి? బైలాస్, సభ్యుల రిజిస్టరు, మినిట్స్ పుస్తకాలు, స్థలం పత్రాలు ఎప్పటికీ పారేయకూడదు. వోచర్లు, బిల్లుల విషయానికొస్తే, ధర్మసంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు పొందినవి సంబంధిత మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తరువాతి ఏడాది) ముగిశాక పదేళ్ళు ఉంచాలని 2022లో వచ్చిన ఆదాయపు పన్ను 17ఏఏ నిబంధన చెప్పింది. మాది అలాంటి సంస్థ కాకపోయినా అదే లెక్క పాటించాం.

మీరు ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. పాత కార్యవర్గాన్ని కూర్చోబెట్టి, చేతికొచ్చిన ప్రతి కాగితానికీ వరుస సంఖ్య వేసి, అందనివి కూడా ఫలానావి అందలేదని రాసి, ఇరువైపులా సంతకాలు చేయండి. నేను దిగిపోయిన రోజు అలాంటి జాబితా నాలుగు పేజీలు వచ్చింది. చివరి వరుసలో ఇనుప బీరువా తాళంచెవులు రెండు. ఒక ప్రతి కొత్త కార్యదర్శి తీసుకున్నారు, ఒకటి మినిట్స్ పుస్తకానికి అతికించాం, మూడోది నా దగ్గర ఉంది.