హోమ్ లోన్‌కి పాత ఐటీ రిటర్నులు: మీ సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. హార్డ్‌వేర్ షాపు ఉంది. పార్వతీపురంలో ఒకాయన అయిదేళ్లుగా మా రిటర్నులు వేస్తున్నారు. ఇంటి లోన్‌కి బ్యాంకువాళ్లు మూడేళ్ల ఐటీ కాగితాలు తెమ్మన్నారు. ఆయనేమో ఫోను ఎత్తడం లేదు. ఆంధ్రాలో వేసినవాటికి ఇక్కడ కాపీలు ఇస్తారా? ఐటీ ఆఫీసుకి అర్జీ పెట్టాలా?

జవాబు: అర్జీ అక్కర్లేదు, ఆఫీసుకీ వెళ్లక్కర్లేదు. ఆదాయపు పన్ను కేంద్రానిది. ఏ ఊళ్లో కూర్చుని వేసినా రిటర్ను మీ పాన్ కిందే ఉంటుంది. ఐటీ శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్లో పాన్ నంబరే మీ యూజర్ ఐడీ. చిక్కంతా పాస్‌వర్డ్ దగ్గరే. చాలామంది కన్సల్టెంట్లు తమ ఫోను, తమ ఈమెయిలే ఇచ్చేస్తారు, దాంతో ఓటీపీ వాళ్లకి పోతుంది. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కి, ఈ-ఫైలింగ్ ఓటీపీ కాకుండా ఆధార్ ఓటీపీ ఎంచుకోండి. ఆధార్‌కి మీ నంబరు లింకై ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు ఎక్కించుకోవాలి. లోపలికి వెళ్లగానే ప్రొఫైల్లో ఫోను, ఈమెయిలు మీవి పెట్టేయండి.

తర్వాత ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్ వరసగా నొక్కండి. ఒక్కో అసెస్‌మెంట్ ఇయర్‌కీ రిటర్ను ఫారం, రసీదు, ఇంటిమేషన్ ఆర్డర్ (రిటర్ను చూశాక ఐటీ శాఖ పంపేది) మూడూ దింపుకోండి. ఏడాది దగ్గర తికమక పడకండి: 2023-24లో సంపాదించినది 2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌లో ఉంటుంది. ఇంటిమేషన్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగితే పాన్‌ని చిన్న అక్షరాల్లో కొట్టి, వెంటనే పుట్టిన తేదీ కొట్టాలి. 1982 జూన్ 5 అయితే 05061982. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

రిటర్ను పక్కన ఈ-వెరిఫికేషన్ పెండింగ్ అని కనిపిస్తే మాత్రం అది వేయనట్టే లెక్క. వేసిన 30 రోజుల్లోగా వెరిఫై చేయాలి. గడువు దాటితే కండోనేషన్ రిక్వెస్ట్ (ఆలస్యాన్ని మన్నించమనే అర్జీ) పెట్టుకోవాలి. లాభనష్టాల పట్టిక, బ్యాలెన్స్ షీటు పోర్టల్లో విడిగా దొరకవు. వాటిని సీఏ తయారుచేసి యూడీఐఎన్ నంబరు (కాగితం సీఏ ఇచ్చిందేనని సరిచూసుకునే నంబరు) వేసి ఇవ్వాలి.

ఇంకో మాట. అసలు దెబ్బ తగిలేది కాగితాల దగ్గర కాదు, అంకె దగ్గర. ఏటా 60 లక్షల టర్నోవరు నగదులో జరిగి, 44ఏడీ (టర్నోవరులో ఇంత శాతం లాభమని చిన్న వ్యాపారులు చూపే సెక్షన్) కింద 8 శాతం చూపితే ఆదాయం 4.8 లక్షలు, అంటే నెలకి 40 వేలు. అందులో సగం ఈఎంఐకి వదిలినా, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల మీద వచ్చేది దాదాపు 23 లక్షలు. బ్యాంకుకి టర్నోవరు కాదు, లాభమే లెక్క.

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచలో ఉంటాం, మంచిర్యాలలో ప్రైవేటు ఉద్యోగం. యజమాని ఇచ్చిన ఫారం 16లో పన్ను కోసినట్టుంది, 26ఏఎస్‌లో (పాన్ మీద జమైన పన్ను చూపే పట్టికలో) కనబడడం లేదు. బ్యాంకువాళ్లు ఫైలు ఆపేశారు. పైగా పాన్‌లో పేరు ఒకలా, 7/12 ఉతారాలో (మహారాష్ట్ర భూమి రికార్డులో) ఒకలా ఉంది.

జవాబు: మీ యజమాని పన్ను కట్టకపోయి ఉండాలి, లేదా టీడీఎస్ (జీతంలో కోసిన పన్ను) స్టేట్‌మెంటు వేయకపోయి ఉండాలి, లేదా మీ పాన్ తప్పుగా ఎక్కించి ఉండాలి. జనవరి–మార్చి స్టేట్‌మెంటుకి మే 31 దాకా గడువుంది కాబట్టి, ఏప్రిల్‌లో చూసి కంగారు పడకండి. ఆ తర్వాతా రాకపోతే దిద్దుబాటు స్టేట్‌మెంటు వేయాల్సింది యజమానే, మీ చేతిలో ఏమీ లేదు. ఫారం 16లో పార్ట్ ఏ ట్రేసెస్ (ఐటీ శాఖ టీడీఎస్ వెబ్‌సైటు) నుంచి దింపిందేనా అని కూడా చూడండి. ఆఫీసులో టైపు చేసి ముద్ర వేసినది చెల్లదు.

పేరు సంగతి మన సరిహద్దు ఊళ్లలో రోజూ ఉండేదే. మనకి ఇంటిపేరు ముందు, మరాఠీ రికార్డుల్లో తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర. రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ ఇస్తే ఒప్పుకుంటారేమో మీ బ్రాంచిని అడగండి.

ప్రశ్న: మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో మిర్చి కమిషన్ వ్యాపారం. ఎప్పుడూ రిటర్ను వేయలేదు. మూడేళ్లవి ఒకేసారి వేస్తే లోన్ వస్తుందా?

జవాబు: వేయడానికి దారి ఉంది, ఐటీఆర్-యూ, అంటే గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను. 2025 ఫైనాన్స్ చట్టంతో దాని గడువు 24 నుంచి 48 నెలలకి పెరిగింది. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనంగా కట్టాలి. రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70 శాతం. రీఫండు కోసం దీన్ని వాడలేరు. కమిషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు కాబట్టి పుస్తకాలు రాసి ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఫారం) లెక్కన వేయాలి.

అయితే రసీదు మీద వేసిన తేదీ ఉంటుంది. మూడేళ్లవీ ఒకే వారంలో వేసినవైతే లోన్ కోసమే వేశారని మేనేజరుకి తెలిసిపోతుంది. కట్టిన అదనపు పన్నుకి తగ్గ లోన్ రాకపోవచ్చు. ఈ ఏడాదిది గడువులోపు వేసి, పట్టీల (అమ్మకం చీటీల) సొమ్ము బ్యాంకు ఖాతాలోంచే నడిపి, ఏడాదో రెండేళ్లో ఆగి వెళ్లడమే మేలని మా అభిప్రాయం. ఆగలేకపోతే రిటర్ను వేసే జీవిత భాగస్వామినో కొడుకునో సహ దరఖాస్తుదారుగా పెట్టండి.