పెద్ద కంపెనీ ఊరు వదిలిపోకుండా అమ్మకపు పన్ను వేస్తే ఫలితం ఉంటుందా?

ఉండొచ్చు, కానీ అంతా షరతుల మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని తుల్సా కౌంటీనే (మన జిల్లా లాంటిది) చూడండి. 2003లో బోయింగ్ 787 విమానాల ప్లాంటును అక్కడికి రప్పించడానికి 0.4 శాతం అమ్మకపు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నారు, అయితే కంపెనీ వస్తేనే వసూలు. బోయింగ్ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌ను ఎంచుకుంది, దాంతో ఆ పన్ను మొదలే కాలేదు. రాసుకోవాల్సిన షరతు అంటే ఇదీ!

2012లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా ప్రక్రియలో ఉంది. తుల్సాలో దాని విమానాల మరమ్మతు కేంద్రం ఉన్న విమానాశ్రయ ప్రాంగణాన్ని బాగుచేయడానికి దాదాపు 25 కోట్ల డాలర్లు కావాలంటూ, అప్పటికే అమల్లో ఉన్న మరో 0.6 శాతం అమ్మకపు పన్నును పొడిగించమని ఓటర్లను అడిగారు. వాళ్లు కాదన్నారు. అయినా కేంద్రం అక్కడే ఉంది. 2020లో ఆ సంస్థే 55 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. కాబట్టి వెళ్లిపోతారన్న భయం ఒక్కటే చూసి ఓటేయకూడదు.

0.6 శాతమంటే వంద డాలర్లకు 60 సెంట్లు. అక్కడ కిరాణా సరుకులపైనా స్థానిక పన్ను పడుతుంది, అందుకే పేదలకే బరువెక్కువ. డబ్బు నగరం సొంత భవనాలకు వెళ్తుందా, కంపెనీ యంత్రాలకా? ఉద్యోగాలు తగ్గితే కంపెనీ ఆ డబ్బు తిరిగి కట్టాలా? పన్ను ఏ తేదీన ఆగుతుంది? ఈ మూడూ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.